ఫ్రిజ్ మీది శుక్రవారం

ఆ శుక్రవారం పొద్దున ముర్రే పెట్టుకున్న పనులు మూడే మూడు. పిల్లలకు గుడ్లు వేయించి పెట్టడం, ఎడీని బడిలో దింపడం, ఆ తర్వాత రెండేళ్ళ బెర్ట్‌గాడిని తోపుడు బండిలో కూర్చోబెట్టుకుని సముద్రం ఒడ్డున ఊరికే తిరగడం. ఈ మూడో పనిలో 'ఊరికే' అన్న మాటంటే అతనికి ప్రాణం. ఎందుకంటే ముర్రే ఇనుప గనిలో లారీ నడుపుతాడు. గనేమో ఎక్కడో ఉత్తరాన ఎర్రమట్టి ఎడారిలో, ఇల్లేమో దక్షిణాన సముద్రం ఒడ్డున ఉన్న బస్సెల్టన్ ఊళ్ళో. రెండు వారాలు అక్కడ, ఒక వారం ఇక్కడ. ఇంటికొచ్చి నిద్ర తీరేలోపు మళ్ళీ విమానం ఎక్కాలి. ఆరేళ్ళ ఎడీకి మొదటి పన్ను ఊడినప్పుడు ఫోన్‌లోనే చూశాడు. బెర్ట్ తొలి అడుగులూ ఫోన్‌లోనే. అదైనా పూర్తిగా చూశాడా అంటే, పిల్లవాడి రెండో కాలు గాల్లో ఉండగానే సిగ్నల్ పోయి బొమ్మ ఆగిపోయింది.

"పిల్లల్ని బడికి దింపడమంటే అదేదో పెద్ద చాకిరీ అయినట్టు మొహాలు పెడతారేమిటి జోడీ, మనవాళ్ళంతా? నాకిస్తే రోజూ దింపుతా" అనేవాడు భార్యతో.

"రోజూ దింపితే నువ్వూ అదే మొహం పెడతావులే" అనేది జోడీ.

ఆ ఇంటికి పంచాంగం ఫ్రిజ్ తలుపే. జోడీ దాని మీద నెల కాగితం అతికించి, గడుల్లో అయస్కాంతపు బిళ్ళలు పెట్టేది. పసుపు హెల్మెట్ బిళ్ళ ఉన్న రోజు ముర్రే వస్తాడు. విమానం బిళ్ళ ఉన్న రోజు వెళ్ళిపోతాడు. కంపెనీవాళ్ళు షిఫ్టు మార్చినప్పుడల్లా జోడీ ఉసూరుమంటూ హెల్మెట్ బిళ్ళను ఇంకో గడిలోకి జరిపేది. సరిగ్గా ఆ రోజుకే ముర్రే గుమ్మంలో దిగేవాడు. ఫ్రిజ్ మాట తప్పడమన్నది ఎడీ పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చూడలేదు.

ఇవి కాక పుస్తకం బిళ్ళ ఒకటి. అది బడిలో పుస్తకాల వారం ఊరేగింపుకు. ఆ రోజు పిల్లలంతా కథల్లో మనుషుల్లాగా, జంతువుల్లాగా వేషాలు కట్టి మైదానం చుట్టూ తిరుగుతారు. అమ్మానాన్నలు చాపలు పరుచుకుని చప్పట్లు కొడతారు. ఎడీ ఇప్పటికి రెండుసార్లు తిరిగింది. రెండుసార్లూ ముర్రే గనిలోనే ఉన్నాడు. ఈసారైనా చూడాలని అతనికి ఎంత ఆశ ఉండేదంటే, ఆ సంగతి ఎవరైనా ఎత్తితే మాట మార్చేసేవాడు.

జోడీ వృద్ధాశ్రమం వంటగదిలో పనికి ఐదున్నరకే వెళ్ళిపోయింది. అక్కడ ఫోన్లు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ముర్రే పాల కోసం ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, తలుపు మీద చెయ్యి వేసి అలాగే ఆగిపోయాడు. పుస్తకం బిళ్ళ ఆవాళ్టి గడిలోనే ఉంది.

"ఎడీ! ఊరేగింపు ఇవాళా?"

ఎడీ టోస్టు మీద వెజిమైట్ రాసుకుంటోంది. తల ఎత్తలేదు. "ఫ్రిజ్ మీద ఉందిగా నాన్నా."

"మరి అమ్మ వేషం కుట్టలేదే!"

"అమ్మకి తెలీదు."

జోడీ మర్చిపోయింది! పన్నెండేళ్ళ కాపురంలో జోడీ మర్చిపోయిన మొట్టమొదటి సంగతి ఇది. పాపం అనుకోవాల్సింది పోయి, ముర్రేకు ఈల వేయాలనిపించింది. ఇంట్లో తను ఉన్నందుకు ఒక రోజు, ఒకే ఒక్క రోజు, సంసారం ఒడ్డున పడబోతోంది.

"ఏ వేషం కావాలి నా తల్లికి?"

"మాగ్‌పై. నీ కథలో మాగ్‌పై."

అది గని నుంచి ముర్రే రోజూ సాయంత్రం ఫోన్‌లో చెప్పే కథ. వసంతం వస్తే చాలు, మాగ్‌పైలనే ఆ నలుపూ తెలుపూ పిట్టలు దారిన పోయేవాళ్ళ నెత్తి మీదికి దూకడం ఊళ్ళో అందరికీ అనుభవమే. ముర్రే కథలో పిట్ట మాత్రం దూకి ఊరుకోదు, హెల్మెట్లు ఎత్తుకుపోతుంది. హెల్మెట్ లేనివాణ్ణి గనిలోకి రానివ్వరు కనుక లారీలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి, మనుషులంతా విమానమెక్కి ఇళ్ళకు పోతారు. ఎండకు భయపడి 'టోపీ లేనిదే ఆట లేదు' అనే బడిలో చదువుకునే ఎడీకి ఇందులో నమ్మరానిది ఏమీ కనబడలేదు. "మరి నీ హెల్మెట్ ఎప్పుడు ఎత్తుకుపోతుంది నాన్నా?" అని రోజూ అడిగేది. "రేపో ఎల్లుండో" అనేవాడు ముర్రే.

గంటన్నరలో మాగ్‌పై తయారైంది. నల్ల చెత్త సంచులు మూడు చీల్చితే రెక్కలయ్యాయి. తెల్ల మచ్చల కోసం బెర్ట్ డైపర్లు ఆరు బలి అయ్యాయి. గనిలో వాడే దుమ్ము మాస్కు పిట్ట ముక్కు అయింది. కుట్టడం రాదు కనుక సమస్తమూ కరెంటు టేపుతో చుట్టేశాడు. ఇది చూసి బెర్ట్‌గాడు నాకూ వేషం అని నేల మీద పడి దొర్లాడు. వాడి నెత్తిన చిల్లుల గిన్నె బోర్లించి, "నువ్వు గనిలో మేస్త్రీవిరా" అన్నాడు తండ్రి. వాడు లేచి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. గుడ్లు మాడి బొగ్గయ్యాయి. ఎవరూ పట్టించుకోలేదు.

ఎనిమిదీ ఇరవైకి ముగ్గురూ వీధిలోకి వచ్చారు. మలుపు దగ్గర పక్కింటి లియాన్, కవల పిల్లల్ని కారులో తీసుకెళ్తూ ఎడీని చూసి కీచుమని బ్రేకు వేసింది.

"ముర్రే! ఇవాళ కాదు కదా? ఇవాళ కాదని చెప్పు!"

"ఇవాళే" అన్నాడు ముర్రే, ఊళ్ళో ఉండే మొగుళ్ళు మాట్లాడే ధీమాతో. "మా ఫ్రిజ్ మీద ఉంది."

"మీ జోడీ పెట్టిందా? అయితే ఇవాళే. చచ్చాన్రా దేవుడా!" లియాన్ కారు నడిరోడ్డు మీద గిర్రున తిప్పి ఇంటికి ఉరికింది. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో ఫోన్‌లో తల్లుల గ్రూపుకు మెసేజీ. జోడీ ఫ్రిజ్ అంటే ఆ గ్రూపులో బడివాళ్ళ నోటీసు కన్నా విలువెక్కువ. రెండు నిమిషాల్లో ఆ చుట్టుపక్కల నాలుగు వీధుల్లో కారన్నది తిన్నగా బడికి పోలేదు.

ముర్రే బడి గేటు చేరేసరికి అక్కడ తిరునాళ్ళ వ్యవహారంగా ఉంది. ఒకడికి దిండు గలీబు తొడిగి కళ్ళకు చిల్లులు పొడుస్తోంది తల్లి. ఇంకొకాయన పిల్లవాడికి సముద్రపు తువ్వాలు కప్పి, "నువ్వు రాజువి, ఎవరడిగినా రాజువని చెప్పు" అని బతిమాలుతున్నాడు. లియాన్ కవలలిద్దర్నీ ఒకే దుప్పట్లో చుట్టి రెండు తలల డ్రాగన్ అంది. వాళ్ళలో ఒక తలకు ఆ డ్రాగన్ ఇష్టం లేదు. ఏ వేషమూ దొరక్క కారు పక్కన కళ్ళొత్తుకుంటున్న ఒక తల్లిని చూసి ముర్రే తట్టుకోలేకపోయాడు. కరెంటు టేపు జేబులోనే ఉంది. ఆమె కారులో టాయిలెట్ కాగితం చుట్టలు ఉన్నాయి. అయిదు నిమిషాల్లో ఆమె కొడుకు ఒళ్ళంతా కట్లు చుట్టిన ఈజిప్టు శవమయ్యాడు. "నువ్వు దేవుడివయ్యా" అంది ఆమె. ఆరడుగుల ముర్రే ఇంకో అంగుళం పెరిగాడు.

టీచర్లు కిటికీల్లోంచి చూస్తున్నారు. తామొక్కరే తారీఖు మర్చిపోయామని ఎవరికి వారు అనుకుని, గప్‌చుప్‌గా కర్టెన్లు విప్పి భుజాన వేసుకుంటున్నారు.

ఒక్క హెడ్ టీచరు మిసెస్ ఆల్డర్టన్ మాత్రం కాగితం పట్టుకుని బయటికి వచ్చింది. పెద్ద గడ్డి టోపీ, దాని కింద చిన్న మొహం. "ఊరేగింపు వచ్చే శుక్రవారం కదా" అంది నెమ్మదిగా. "ఇవాళ అని ఎవరు చెప్పారు?"

గేటు దగ్గరున్న వాళ్ళంతా లియాన్ వైపు చూశారు. లియాన్ వేలెత్తి, చిల్లుల గిన్నె పెట్టుకున్న పిల్లవాణ్ణి చంకనేసుకున్న మనిషిని చూపించింది.

"మా ఫ్రిజ్ మీద ఉందండీ" అన్నాడు ముర్రే.

"మీ ఫ్రిజ్ మీద."

"అవునండీ."

అప్పటికి తారీఖు అతని బుర్రకెక్కింది. వచ్చే శుక్రవారం! మంగళవారం పొద్దున ఐదూ నలభైకి విమానం. వచ్చే శుక్రవారం ఈ పిల్లలు మైదానం చుట్టూ తిరిగే వేళకు తను ఎర్రదుమ్ములో లారీ వెనక్కి తిప్పుతుంటాడు. మూడో ఊరేగింపూ పోయినట్టే. చుట్టూ అందరూ తిడుతున్నారు, అది కూడా చెవికెక్కలేదు. కాళ్ళ దగ్గర ఎడీ మాస్కు ముక్కెత్తి తన మొహంలోకే చూస్తోంది. ఆ చూపు ఒక్కటే గుచ్చుకుంది.

"తప్పు నాదేనండీ. అందరినీ ఇళ్ళకు వెళ్ళి మార్చుకు రమ్మని నేనే చెప్తాను" అన్నాడు. "వచ్చే వారం నేను ఊళ్ళో ఉండను. తినాల్సిన తిట్లేవో ఇవాళే తినేస్తాను."

"గనా?" అంది మిసెస్ ఆల్డర్టన్.

"గనేనండీ. మంగళవారం పోతాను."

ఆమె గేటు వైపు చూసింది. డ్రాగన్ రెండు తలలూ కొట్టుకుంటున్నాయి. ఈజిప్టు శవం విడిపోతోంది. వీళ్ళ వెనక, జేబుల్లో చేతులు పెట్టుకుని, ఈ వేళప్పుడు బడి దగ్గర ఎప్పుడూ కనబడని తండ్రులు కొందరున్నారు. అంతా ఆ వారం ఇంటికి వచ్చినవాళ్ళే.

"రెండొందల మంది చేత వేషాలు విప్పించి లెక్కలు చెప్పడం నా వల్ల కాదు బాబూ" అంది ఆమె కాగితం మడిచి. "ఎవరక్కడ? మైకు పట్రండి."

ముర్రే గడ్డిలో చతికిలబడి బెర్ట్‌ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. దిండు గలీబు దయ్యాలు, తువ్వాలు రాజులు, కర్టెన్ల టీచర్లు వరసగా వెళ్ళారు. అంత అధ్వాన్నమైన ఊరేగింపు ఆ బడి చరిత్రలో జరగలేదు. అతని కళ్ళకు మాత్రం అంతకన్నా బాగా ఏదీ కనబడలేదు. మాగ్‌పై వచ్చింది. ఒక డైపరు ఊడి వెనకాల ఈడుస్తోంది. తిన్నగా హెడ్ టీచరు దగ్గరికి పోయి, ఎగిరి ఆ గడ్డి టోపీ లాగేసి, "టోపీ లేనిదే ఆట లేదు టీచర్, ఇంక మీరు ఇంటికి వెళ్ళొచ్చు" అని చెప్పింది. తర్వాత తండ్రి దగ్గరికి వచ్చి అతని టోపీ కూడా ఊడబెరికింది.

"నువ్వు కూడా ఇంటికే నాన్నా."

ముర్రే ఏడ్చేశాడు. దాచుకుందామంటే నల్లకళ్ళద్దాలు టోపీతో పాటే పోయాయి. బెర్ట్ తన గిన్నె తీసి నాన్న నెత్తిన పెట్టాడు.

జోడీ వచ్చేసరికి అతను అలాగే ఉన్నాడు. టీ విరామంలో ఫోను తీసి, నలభై ఒక్క మెసేజీలు చూసి, మొగుణ్ణి నాలుగు దులుపుదామని ఏప్రన్‌తోనే పరుగెత్తుకొచ్చింది. మైదానం చూసింది. ముర్రే మొహం చూసింది. పక్కన కూర్చుని, అతని చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుంది.

ఇంటికొచ్చాక మాత్రం వదల్లేదు. "నా చేత్తో వచ్చే శుక్రవారం గడిలో పెట్టాను ముర్రే. బిళ్ళకేమైనా కాళ్ళొచ్చాయా?"

ఇద్దరి కళ్ళూ మాగ్‌పై మీదికి వెళ్ళాయి. అది బిస్కెట్ తింటోంది.

"నేనే జరిపాను" అంది ఎడీ. "నువ్వు హెల్మెట్ జరిపితే నాన్న ఆ రోజే వస్తాడుగా అమ్మా. నాన్న లేని రోజు పరేడ్ ఎందుకు? అందుకే నాన్న ఉన్న రోజుకి జరిపాను. వచ్చిందిగా!"

వచ్చింది మరి. ముర్రే లేచి, ఏదో పని ఉన్నట్టు సింకు దగ్గరికి వెళ్ళి, ఉత్త గ్లాసు చాలాసేపు కడిగాడు.

మంగళవారం తెల్లవారకముందే బ్యాగు సర్దుకుని గుమ్మంలోకి వచ్చేసరికి ఎడీ లేచి కూర్చుని ఉంది. ఎప్పుడూ కాళ్ళు పట్టుకుని వేలాడే పిల్ల ఆ రోజు ఏడవలేదు.

"టాటా నాన్నా. అన్నానికి వచ్చేయ్" అంది, పాల కొట్టుకు పంపుతున్నట్టు.

పిల్ల పెద్దదైపోతోందని ముర్రేకు దారి పొడుగునా దిగులు వేసింది. విమానంలోనూ అదే దిగులు. గని గేటు దగ్గర హెల్మెట్ కోసం బ్యాగు తెరిచాడు. హెల్మెట్ లేదు. అది ఉండాల్సిన చోట నల్ల చెత్త సంచి రెక్క ఒకటి, టేపుతో సహా, చక్కగా మడిచి ఉంది.

"హెల్మెట్ లేనిదే లోపలికి వీల్లేదు, తెలుసుగా ముర్రే" అన్నాడు గేటు మనిషి.

ముర్రే ఆ రెక్క చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. వెనక్కి చూశాడు. తను దిగిన విమానం రన్‌వే మీద ఇంకా అక్కడే ఉంది. అన్నం వేళకు బస్సెల్టన్‌లో ఉండొచ్చు. అర నిమిషం పాటు అతను కథలో మనిషే.

గని స్టోరులో అదనపు హెల్మెట్లు నాలుగు వందలు ఉంటాయన్న ముక్క అతను కథలో ఎన్నడూ చెప్పి ఉండలేదు.