బ్యాండు రాలేదు

ఆ గురువారం పొద్దున మామగారు పెట్టుకున్న పనులు మూడే. కాఫీ తాగాలి, పేపరు చదవాలి, గోళ్ళు తీసుకోవాలి. రిటైరయ్యాక ఆయన రెండో పని దాటి ముందుకెళ్ళిన రోజు లేదు. ఆ రోజూ వెళ్ళలేదు, ఎందుకంటే వంటింట్లో కోడలు ఫోనులో మాట్లాడుతున్న మాటలు వినపడ్డాయి. ఆయన చెవులు ఇప్పటికీ భేషుగ్గా పనిచేస్తాయి. వచ్చిన చిక్కల్లా అదే.

"మూడుసార్లు చేశానే. బ్యాండు రాలేదు. ఆ యాంటీబాడీని నమ్ముకుని మోసపోయా. రేపు పదకొండింటికి కమిటీ వస్తోంది. బ్యాండు లేకపోతే నా ప్రాజెక్టు మూసేస్తారు."

కోడలిది ల్యాబు ఉద్యోగం. క్యాన్సరు కణాలు పక్క అవయవాల మీదికి పాకడానికి, దారిలో అడ్డుగోడలు కొరికిపెట్టే ఎంజైము ఒకటుంది. దాన్ని వెతికి అంటుకునే ప్రోటీను పేరు యాంటీబాడీ. సరిగ్గా అంటుకుంటే అక్కడ సన్నగా వెలుగొచ్చి, ఫొటోలో నల్లగీతగా పడుతుంది. ఆ గీతనే ల్యాబులో బ్యాండు అంటారు. మామగారికి తెలిసిన బ్యాండుకు మాత్రం డ్రమ్ములూ బాకాలూ ఉంటాయి. యాంటీబాడీ అంటే మాటిచ్చి ఎగ్గొట్టిన బ్యాండు కంపెనీ అని ఆయన తేల్చుకున్నారు.

కోడలంటే ఆయనకు ప్రాణం. రెండేళ్ళుగా ఆదివారాలు కూడా వదులుకున్న పిల్ల, ఒక్క బ్యాండు కోసం కళ్ళొత్తుకుంటుంటే ఆయన చూస్తూ ఊరుకోలేకపోయారు. కొడుకుతో చెప్తే అడ్డుపడతాడు. భార్యతో చెప్తే వీధంతా తెలుస్తుంది. అందుకని గప్‌చుప్‌గా ఎరిగున్న బ్యాండు మాస్టరుకు ఫోను చేశారు.

శుక్రవారం పదకొండుకు పది నిమిషాలుందనగా ఎనిమిది మందితో ల్యాబు గేటు దగ్గర దిగారు. గార్డు ఆపితే "కమిటీ కోసం" అన్నారు. పెద్దవాళ్ళెవరో వస్తున్నారని గార్డుకు ముందే చెప్పి ఉంచారు, దాంతో గేటు బార్లా తీసి మూడో అంతస్తుకు దారి చూపించాడు. పైన గుమస్తా ఇది డైరెక్టరుగారి ఏర్పాటనుకున్నాడు. డైరెక్టరుగారు కమిటీయే పంపిందనుకుని, కోటు గుండీలు పెట్టుకుని వరండాలో నిలబడ్డారు. లిఫ్టు దిగిన కమిటీ సభ్యులు తమకు స్వాగతమనుకుని మురిసిపోయారు.

డ్రమ్ము మోగింది. అలమారల్లో సీసాలు గలగలమన్నాయి. కోడలు అప్పుడే, ఆఖరి ఆశగా, నాలుగోసారి చేసిన ప్రయోగాన్ని చీకటి గదిలో కెమెరా పెట్టెలో పెట్టి మీట నొక్కింది. రెండు నిమిషాలకు ఆపెయ్యాలి, అంతకు మించితే ఫొటో పాడవుతుందని ఆ ల్యాబు నమ్మకం. చప్పుడు విని, పెట్టెను అలాగే వదిలేసి బయటికి పరిగెత్తుకొచ్చింది. బాకాల మధ్య ఇస్త్రీ చొక్కాలో మామగారు కనిపించారు.

"మామయ్యగారూ, ఏంటిది?"

"బ్యాండమ్మా. ఆ యాంటీబాడీ వాళ్ళని ఇంక నమ్ముకోకు. వీళ్ళు మాటంటే మాటే."

సంగతి అర్థమై కోడలు బ్యాండు మాస్టరు వైపు పరిగెత్తింది. ఆపిద్దామంటే కమిటీ అధ్యక్షురాలు అప్పటికే రెండో పాట అడిగారు, తర్వాత మూడోది. డైరెక్టరుగారు కాలితో తాళం కూడా వేశారు. అంతా సద్దుమణిగేసరికి నలభై నిమిషాలు గడిచాయి.

"ఇక మీ ఫలితం చూద్దామా?" అన్నారు అధ్యక్షురాలు.

కోడలు తల దించుకుని చీకటి గదిలోకి నడిచింది. ఈలోగా గుమస్తా అసలు బ్యాండు ఏమిటో మామగారి చెవిలో వేశాడు. పిల్ల కొంప ముంచానని ఆయన కుర్చీలో కూలబడిపోయారు.

కోడలు ఒక కాగితం పట్టుకుని బయటికొచ్చింది. క్యాన్సరు కణాల వరుసలో, ఎంజైము ఉండాల్సిన చోటే, సన్నటి నల్లగీత. ఎంజైము తీసేసిన కణాల వరుస ఖాళీ. యాంటీబాడీ పాపం బాగానే పనిచేసింది. ఎంజైమే మరీ కాస్తంత ఉండటంతో ఆ వెలుగు పట్టడానికి కెమెరాకు రెండు నిమిషాలు చాలలేదు, నలభై చాలాయి.

"వచ్చింది మామయ్యగారూ," అంది కోడలు, ఏడుస్తోందో నవ్వుతోందో తనకే తెలియకుండా.

కమిటీ ప్రాజెక్టును రెండేళ్ళు పొడిగించింది. ఒక్కటే షరతు: ఈ రోజు ఎలా చేశారో అచ్చం అలాగే, ఏమీ మార్చకుండా, మరో రెండుసార్లు చేసి చూపించాలి.

మామగారు మెల్లగా వరండా చివరికి వెళ్ళి, సోమవారం ఖాళీయేనా అని బ్యాండు మాస్టరును అడిగారు.