రాజీల లాయరుగారి ఇంటర్వ్యూ

లాయర్లు, ఆడిటర్లు, ఇంజినీర్లు నడిపే సంస్థల పేర్లు పత్రికల్లో పడేలా చూడటం అతని ఉద్యోగం. వాళ్ళ పేరు పడితే అతను నిలబడతాడు. పడకపోతే అతనే పడతాడు. ఆ భయంతో కొరికి కొరికి గోళ్ళన్నీ అరగదీసుకున్నాడు. ఆఫీసులో అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ కంగారయ్యే.

ఆ మంగళవారం నాటి కంగారుకు మాత్రం గట్టి కారణమే ఉంది. భార్యాభర్తల తగాదాలను కోర్టు మెట్లెక్కకుండా తీర్చడంలో పేరుమోసిన ఒక పెద్ద లాయరు మీద ఆదివారం సంచికలో అరపేజీ వ్యాసానికి ఒక విలేకరిని కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాడు. విలేకరి షరతు ఒక్కటే: సాయంత్రం నాలుగింటికి, లాయరుగారింట్లో, దంపతులిద్దరూ ఉండాలి.

పొద్దున పదింటికి లాయరుగారు ఫోన్ చేశారు.

"మా ఆవిడ అలిగి వాళ్ళక్కగారింటికి వెళ్ళిపోయిందయ్యా. నాలుగు రోజులైంది."

కంగారయ్య గభాల్న లేచి మోకాలు టేబుల్‌కి కొట్టుకున్నాడు. "ఈ రాజీల లాయరు వ్యాసం తప్పిందో, నీకు రాజీనామాయే" అని యజమాని ముందురోజే చెప్పి ఉన్నాడు.

కుంటుకుంటూ ఇంటికి పరిగెత్తాడు. భార్య ఆరిన బట్టలు మడత పెడుతోంది.

"ఏమోయ్, నువ్వో గంట లాయరుగారింటికి రావాలి. వాళ్ళావిడకి జ్వరమని చెబుదాం. నువ్వు లోపలి గదిలో పడుకుని అప్పుడప్పుడు దగ్గు."

"జ్వరానికి దగ్గెందుకండీ?"

"జ్వరం వినపడదు కదే!"

"అసలావిడ ఎందుకు వెళ్ళిందో కనుక్కున్నారా?"

"అదంతా ఇప్పుడెందుకు? మనకు కావలసింది ఆవిడ కాదు, ఆవిడ దగ్గు."

భార్య చేతిలోని చొక్కాను నిదానంగా మడిచింది. "సరే. వాళ్ళక్కగారి నంబరివ్వండి. ఆవిడెలా దగ్గుతుందో అడిగి తెలుసుకుంటా."

కంగారులో ఉన్న మనిషికి సందేహాలు రావు. లాయరుగారినడిగి నంబరిచ్చేసి, నాలుగింటికల్లా పెరటి గుమ్మంలోంచి వచ్చి పడుకోమన్నాడు.

నాలుగయింది. లాయరుగారు కోటు తొడుక్కుని, కంగారయ్య రాసిచ్చిన నాలుగు కాగితాల జవాబులు బట్టీ పట్టి కూర్చున్నారు. ఎదురుగా కళ్ళజోడు పెట్టుకున్న విలేకరి, చేతిలో నోటుపుస్తకం. ఇల్లాలికి జ్వరమని చెబితే "అయ్యో పాపం" అంది. లోపలి గదిలోంచి దగ్గు మాత్రం రాలేదు.

కంగారయ్య సైగగా తనే దగ్గాడు. మళ్ళీ ఇంకాస్త గట్టిగా దగ్గాడు. విలేకరి మంచినీళ్ళ గ్లాసు అతని వైపు జరిపింది.

"ఇంట్లో మాటా మాటా వస్తే మీరేం చేస్తారండీ?" అని లాయరుని అడిగింది.

"ఎదుటి మనిషి చెప్పేది ఆసాంతం వింటాను. అదే నా మొదటి సూత్రం."

"ఎప్పట్నించీ?"

ఆ ప్రశ్న విలేకరిది కాదు, వీధి గుమ్మంలోంచి వచ్చింది. అక్కడ లాయరుగారి భార్య నిలబడి ఉంది. పక్కనే ఆవిడ సంచీ పట్టుకుని కంగారయ్య భార్య.

కంగారయ్య కుర్చీలోంచి లేచాడు. "జ్వరం... జ్వరం తగ్గిందాండీ?" అన్నాడు.

"నాకు జ్వరమేమిటి?"

"ఆయనకేలెండి" అంది అతని భార్య.

లాయరుగారి భార్య విలేకరి పక్కన కూర్చుంది. "రాసుకోమ్మా. నాకు కంటి ఆపరేషను. ఒక్కదాన్నే వెళ్ళాలంటే భయం, తోడు రమ్మన్నాను. మూడుసార్లు తేదీ తీసుకున్నాం. మూడుసార్లూ ఈయన వాయిదా వేశారు. ఇక లాభం లేదని అక్క దగ్గరికి పోయాను. రేపు పొద్దున్నే ఆపరేషను."

లాయరు కాగితాలు తిరగేశారు. నాలుగింట్లోనూ దీనికి జవాబు లేదు.

"భయమని నాతో చెప్పలేదే?"

"మూడుసార్లూ చెప్పాను. మీరు ఫైలు చదువుతున్నారు."

లాయరు కాగితాలు మడిచి పక్కన పెట్టారు. "తప్పు నాదే. రేపు నేనొస్తాను" అన్నారు. కోర్టులో అలవాటైన గొంతు కాదది.

"మరి మీ కేసులు?"

"వాయిదా వేయిస్తాను."

ఆవిడకు నవ్వొచ్చింది. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

కంగారయ్య చేతులు జోడించాడు. "ఇదంతా రాయకండమ్మా. నా ఉద్యోగం పోతుంది."

"ఇదే రాస్తాను" అంది విలేకరి. "ఇప్పుడు మీకో ప్రశ్న. అందరికీ జవాబులు రాసిస్తారు కదా, మీ ఆవిడ చెప్పింది మీరు ఆసాంతం విన్నదెప్పుడు?"

కంగారయ్య జవాబు కాగితం కోసం జేబులు తడుముకున్నాడు.

"తొందరేం లేదు, ఆలోచించుకోండి" అంది భార్య.

ఆదివారం అరపేజీ అనుకున్నది ముప్పాతిక పేజీ వచ్చింది. భార్య కంటికి చుక్కల మందు వేస్తున్న లాయరుగారి ఫోటో పెద్దదిగా వేశారు. అడుగున చిన్న గడి కట్టి నాలుగు లైన్లు: ఇంటర్వ్యూ ఏర్పాటు చేసిన పెద్దమనిషి ఒక్క ప్రశ్నకు పదకొండు నిమిషాలు ఆలోచించి మంచినీళ్ళు అడిగారని.

సోమవారం పొద్దున యజమాని ఫోన్ చేశాడు. కంగారయ్య గోడకు ఆనుకుని మరీ ఎత్తాడు.

"రాజీల లాయరుకి పొద్దుట్నించీ ఒకటే ఫోన్లటయ్యా! ఇప్పుడు ఆడిటర్లు కూడా అలాంటిదే కావాలంటున్నారు. ఆ లాయరుగారి భార్యని తీసుకొచ్చింది మీ ఆవిడటగా? ఒకసారి ఫోన్ ఆవిడకివ్వు."

కంగారయ్య మెల్లగా వంటింట్లోకి వెళ్ళి ఫోన్ చాచాడు. "నీకేనోయ్."

ఆవిడ చేతులు తుడుచుకుని పీట మీద కూర్చుంది.

"కాసేపాగి చేయమనండి. ముందు మీ జవాబు వినాలి."