పన్నెండు వాక్యాల ఓటమి

ఆ ఆదివారం పదకొండు గంటలకల్లా ఓడిపోవాలని డ్రాఫ్ట్స్‌మన్ నిర్ణయించుకున్నాడు. గడ్డం గీసుకుంటూ ఆ ఓటమిని మొదటినుంచి చివరిదాకా మనసులో ఒకసారి నడిపించి చూసుకున్నాడు. ఎక్కడా లోపం కనబడలేదు. ఓడిపోవడం ఒక్కటే తన చేతిలో పూర్తిగా ఉన్న పని అని అతని నమ్మకం.

నీటి సరఫరా ఆఫీసులో అతను గొట్టాల నక్షాలు గీస్తాడు. ఆఫీసు వార్షికోత్సవానికి ఏటా క్యారమ్స్, చదరంగం పోటీలు పెట్టేవారు. ఈసారి కుర్ర ఉద్యోగుల పోరు పడలేక 'గ్రహసేన' అనే కంప్యూటర్ ఆట కూడా చేర్చారు. ఇద్దరు ఆటగాళ్లు, అంతరిక్షంలో చెరొక స్థావరం. ఖనిజం తవ్వి, నౌకలు కట్టి, అవతలివాడి స్థావరాన్ని కూల్చాలి. చదరంగంలోలా వంతులు ఉండవు. మనం ఆలోచిస్తూ కూర్చుంటే అవతలివాడు ఆగడు. ఇరవై నిమిషాల్లో ఎవరి స్థావరమూ కూలకపోతే ఎక్కువ నౌకలు మిగిలినవాడు గెలిచినట్టు.

ఈ ఆట తెలుగులో మాట్లాడుతుంది. స్థావరం మీదికి శత్రువు వచ్చినప్పుడు ఒక స్త్రీ గొంతు హెచ్చరిస్తుంది. ఆ గొంతు డ్రాఫ్ట్స్‌మన్ భార్యది.

ఆమె పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. ఆ ఆటకు గొంతులు వెతుకుతున్న స్టూడియో ఆయన ఒకరోజు దవడ పట్టుకుని వచ్చాడు. "రెండు నిమిషాలు నొప్పిగా ఉంటుందండీ. తర్వాత ఉండదు," అని ఆమె చెప్పిన తీరుకు, పన్ను పీకించుకున్న వెంటనే ఆ వాచిన నోటితోనే బతిమాలి ఆమెను ఒప్పించాడు. చెడ్డవార్తను దాచకుండా, భయపెట్టకుండా చెప్పగలిగిన గొంతు అతనికి ఎక్కడా దొరకలేదట. మొత్తం పన్నెండు వాక్యాలు. మొదటిది శత్రునౌక దూరంగా కనబడినప్పుడు, పన్నెండోది స్థావరం కూలుతున్నప్పుడు. అవతలి స్థావరం కూలితే వచ్చే గెలుపు ప్రకటన వేరే ఎవరో మగాయన చేశాడు. అంటే బాగా ఆడేవాడికి ఆమె ఎప్పటికీ వినబడదు.

అందుకని డ్రాఫ్ట్స్‌మన్ ఇంట్లో రోజూ సాయంత్రం కంప్యూటర్ చేతిలో ఓడిపోయేవాడు. ఏడాదిలో నాలుగు వందల సార్లకు పైగా ఓడిపోయి ఉంటాడు. ఏ తప్పు చేస్తే ఏ వాక్యం వస్తుందో అతనికి కంఠస్థం. ఆమె మాత్రం పక్కగదిలోంచి, "వాల్యూం తగ్గించండి, నాకే సిగ్గేస్తోంది," అనేది.

ఆ సిగ్గు వెనక ఒక చరిత్ర ఉంది. ఆమె అక్క టీవీలో వార్తలు చదువుతుంది. చిన్నప్పుడు ఇంటికి ఎవరొచ్చినా తల్లి పెద్దదాన్ని పిలిచి పాడించి, రెండోదాన్ని మంచినీళ్లు తెమ్మని వంటింట్లోకి పంపేది. "దీని గొంతు రేకుడబ్బాలే," అని వచ్చినవాళ్లకు నవ్వుతూ చెప్పేది. ఆవిడకు ఆ మాట అన్న సంగతే గుర్తుండదు. కూతురు నలభై ఏళ్లు దాటినా కొత్తవాళ్ల ముందు నోరు విప్పేముందు ఒకసారి గొంతు సవరించుకుంటుంది. ఆ సవరించుకోవడంలో ఒక క్షమాపణ ఉందని పెళ్లయిన మొదటి వారంలోనే డ్రాఫ్ట్స్‌మన్ కనిపెట్టాడు. ఇన్నేళ్లలో దాన్ని ఆమె గొంతులోంచి తీసెయ్యలేకపోయాడు.

ఆట సంగతి పుట్టింట్లో చెప్పనివ్వలేదు ఆమె. "పిలిచి కూర్చోబెట్టి వినిపిస్తే, మెచ్చుకోండని అడుక్కున్నట్టుంటుంది. వాళ్లంతట వాళ్లు ఎక్కడో వింటే వేరు." మాట ఇచ్చాడు. ఇచ్చిన మాట తప్పకుండా ఆ 'ఎక్కడో'ను తనే ఏర్పాటు చేశాడు. వార్షికోత్సవానికి కుటుంబాలను తీసుకురావచ్చు. అత్తగారు, వార్తలు చదివే వదిన ఆ వారం ఊళ్లోనే ఉన్నారు. పోటీ హాల్లో పెద్ద తెర, స్పీకర్లు పెడుతున్నారు. స్పీకర్లు ఒక కంప్యూటర్‌కే కలపడానికి వీలవుతుందని టెక్నీషియన్ చెబితే, తన కంప్యూటర్‌కే కలపమని రెండురోజులు వెంటబడి ఒప్పించాడు. చెవులు కొంచెం మందమని కూడా చెప్పాడు. మిగిలింది ఓడిపోవడమే.

హాల్లో మూడో వరసలో భార్య, అత్తగారు, వదిన కూర్చున్నారు. ఎనిమిదిమంది పోటీదారులు. డ్రాఫ్ట్స్‌మన్‌కు మొదటి ఆట పంపు ఆపరేటర్‌తో. ఆట మొదలవగానే డ్రాఫ్ట్స్‌మన్ తన స్థావరం ముఖద్వారం బార్లా తెరిచి, కాపలా నౌకలను వెనక్కి పంపేసి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎంత లెక్కేసినా నాలుగో నిమిషానికి మొదటి వాక్యం రావాలి.

పంపు ఆపరేటర్ ఒక చిన్న నౌకను పంపి, హెచ్చరిక మోగే హద్దుకు బయటినుంచే తొంగిచూశాడు. ద్వారం తెరిచి ఉంది. కాపలా లేదు. అతను ముప్ఫై ఏళ్లుగా పంపుల మధ్య బతికినవాడు; ఏ మోటారైనా చప్పుడు చేయకుండా ఉంటే లోపల ఏదో కాలుతోందని అర్థం. పక్కకు తిరిగి డ్రాఫ్ట్స్‌మన్ ముఖం చూశాడు. ఆ ముఖంలో ఆందోళన లేదు సరికదా, ఏదో ఎదురుచూపు ఉంది. దాంతో అతని అనుమానం రూఢి అయింది. దాక్కున్న సైన్యం ఎక్కడుందో కనిపెట్టాలని తన నౌకలన్నిటినీ ఉల్కల మధ్యలోకి పంపాడు. సైన్యం అక్కడ లేదు. ఎక్కడా లేదు. ఉల్కలు మాత్రం ఉన్నాయి. ఇరవై నిమిషాలయ్యేసరికి అతనికి రెండు నౌకలే మిగిలాయి, డ్రాఫ్ట్స్‌మన్‌కు అన్నీ.

"ఏం ప్లానండీ అది?" అని వచ్చి డ్రాఫ్ట్స్‌మన్ చెయ్యి పట్టుకుని ఊపాడు. "ఒక్క గుండు పేల్చకుండా నన్ను పిచ్చోణ్ణి చేశారు."

డ్రాఫ్ట్స్‌మన్‌కు ఏడుపొక్కటే తక్కువ. స్పీకర్లలోంచి ఒక్క మాట రాలేదు.

రెండో ఆట నీళ్లు పరీక్షించే కెమిస్టు మేడంతో. ఆవిడ జాగ్రత్తకు పేరు పడ్డ మనిషి. మొదటి ఆట అంతా నిలబడి చూసింది. ఖాళీగా కనబడే స్థావరంలో ఏదో ఉందని, తనకు కనబడనంత మాత్రాన లేదని అనుకోకూడదని ఆవిడ వృత్తి నేర్పింది. వచ్చిన ఖనిజమంతా పెట్టి తన చుట్టూ కోటలు కట్టుకుంది. పది నిమిషాలు గడిచాయి. ఇక లాభం లేదని డ్రాఫ్ట్స్‌మన్, ఆవిడను ఎలాగైనా రెచ్చగొట్టి తన మీదికి తెచ్చుకుందామని, ఆయుధాల్లేని మూడు గని పడవలను ఆవిడ కోట ముందుకు పంపాడు. అవి వెళ్లి వరసగా నిలబడ్డాయి.

ఆయుధం లేకుండా ఎదురుగా వచ్చి నిలబడ్డ దాన్ని మించిన ఆయుధం ఉండదని ఆవిడకు తోచింది. అవి పేలేలోపు బయటపడాలని స్థావరమంతా ఖాళీ చేయించింది. ఆ తొందరలో ఆవిడ నౌకలు ఆవిడ కోటలకే గుద్దుకుని కాలిపోయాయి; నౌకల లెక్కన మళ్లీ డ్రాఫ్ట్స్‌మనే గెలిచాడు. ఆటగాళ్లు మనుషులను చదువుతున్నామనుకుంటారు. నిజానికి అవతలి ముఖంలో తమ భయాన్నే చదువుకుంటారు. ఒక మనిషి ఊరికే ఓడిపోవాలనుకుంటున్నాడని ఆ హాల్లో ఎవరికీ తట్టలేదు.

వెనక వరసల్లో అతనికి పేరు పెట్టేశారు. 'మౌనముని' అంటున్నారు. అత్తగారు ముందుకు వంగి, "అల్లుడుగారిలో ఇంత ఉందని తెలీదే," అంది. వదిన ఆవులింత ఆపుకుంటూ, ఈ ఆటలో చప్పుడే ఉండదా అని చెల్లెల్ని అడిగింది. చెల్లెలు గొంతు సవరించుకుని, ఉంటుంది అంది.

ఫైనల్‌కు ఎదురుగా వచ్చి కూర్చున్నది సాక్షాత్తూ ఇంజనీరుగారు. ఆఫీసుకు పెద్ద ఆయనే. దూకుడు మనిషి, ఎవరి మాటా వినడని పేరు. డ్రాఫ్ట్స్‌మన్ ప్రాణం లేచొచ్చింది. ఈయన అనుమానించడు, నేరుగా వచ్చి మీద పడతాడు. అయినా ఎందుకైనా మంచిదని వంగి మెల్లగా అడిగాడు.

"సార్, మీరు ఆలోచించకుండా వచ్చి నన్ను కొట్టేయండి సార్."

ఇంజనీరుగారి చెవులు ఎర్రబడ్డాయి. "చూద్దాం," అన్నాడు. తర్వాత టెక్నీషియన్‌ను పిలిచాడు. "రెండాటల్నుంచి ఆ స్పీకర్లలో కిక్కురుమనలేదు. ఆయన కంప్యూటర్లోనే ఏదో తేడా ఉంది. తీగ తీసి నాదానికి పెట్టు."

టెక్నీషియన్ తీగ తీశాడు. డ్రాఫ్ట్స్‌మన్ కుర్చీలోంచి సగం లేచి, వద్దనడానికి కారణం దొరక్క మళ్లీ కూర్చున్నాడు. ఇప్పుడు తను ఎంత గొప్పగా ఓడిపోయినా ఆ పన్నెండు వాక్యాలూ తన హెడ్‌ఫోన్లలోనే మోగుతాయి. హాలంతటికీ వినబడేది ఇంజనీరుగారికి వినబడేదే. ఇంజనీరుగారికి ఆమె వినబడాలంటే ఇంజనీరుగారు ఓడిపోతూ ఉండాలి.

అతను ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. గెలవడం అతనికి రాదు. కానీ నాలుగు వందల సార్లు ఒకే శత్రువు చేతిలో ఓడిపోయినవాడికి ఆ శత్రువు నడక వస్తుంది. మొదట తూర్పునుంచి ఒంటరి నౌక, తర్వాత గనుల మీద దెబ్బ, తర్వాత ద్వారం. కంప్యూటర్ తనను ఎలా ఓడించేదో అడుగడుగూ తెలుసు. ఇన్నాళ్లూ ఆ దాడి కింద కూర్చున్నాడు. ఇవాళ దాని స్థానంలోకి వెళ్లి కూర్చోవాలి, అంతే. అంతే అనుకున్నాడు గానీ, జీవితంలో అతను మొదటిసారి ఓడిపోవడానికి భయపడుతున్నాడు.

నాలుగో నిమిషంలో హాలు నాలుగు మూలల నుంచీ ఆ గొంతు వచ్చింది.

"సేనానీ, తూర్పున ఒక నౌక కనబడుతోంది. అది మనది కాదు."

మాటలు ఆగిపోయాయి. ఎవరో కాగితం పొట్లం విప్పుతూ చేతులు ఆపేశారు. ఇంజనీరుగారు పట్టించుకోకుండా తన దాడి తను సిద్ధం చేసుకుంటున్నాడు. రెండో వాక్యం, మూడోది. "ద్వారం దగ్గర ఎవరూ లేరు. ఇంకా సమయం ఉంది, సేనానీ." ఆయన వినలేదు. హాలంతా విన్నది. ముందు వరసలో ఒకాయన తనకు తెలియకుండానే, "ద్వారం చూడండి సార్," అన్నాడు.

ఏడో వాక్యం దాకా సాఫీగా నడిచింది. ఎనిమిదోది రావాలంటే శత్రువు ఒకసారి వెనక్కి తగ్గి మళ్లీ రావాలి. డ్రాఫ్ట్స్‌మన్ గెలిచే ఆటను ఆపి, నౌకలన్నిటినీ వెనక్కి లాగాడు. పై అధికారితో పిల్లీ ఎలుకా ఆట ఆడుతున్నాడని సహోద్యోగులు గుడ్లప్పగించారు. పంపు ఆపరేటర్ వచ్చి చెవి దగ్గర, "ముగించేయండి, మీకు పిల్లలున్నారు," అని గొణిగాడు. ఎనిమిదోది వచ్చింది: "వెళ్లిపోయారనుకోకండి. గాయపడ్డవాళ్లను లోపలికి పిలవండి."

అత్తగారు నిటారుగా కూర్చుంది. "ఎవరే ఈ పిల్ల? ఇంత ఉపద్రవంలో ఎంత నిబ్బరంగా చెబుతోందో."

"ఊపిరి ఎక్కడ తీసుకుంటోందో పట్టుకోలేకపోతున్నానమ్మా," అంది వదిన. ఆవిడ ఇప్పుడు ఆవులించడం లేదు. వృత్తి చెవితో వింటోంది. "ఎవరో బాగా నేర్చుకున్నావిడ."

భార్య చేతిసంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. చెప్పకూడదని అనుకున్న మాట ఒకటి ఉంటే, అడిగినా చెప్పకుండా ఉండడం అబద్ధమవుతుందేమోనన్న ఆలోచన ఆమెలో తిరుగుతోంది.

"నేనేనమ్మా," అంది.

గొంతు సవరించుకోలేదు. స్పీకర్లలోంచి వచ్చినట్టే వచ్చింది ఆ మాట, అదే నిబ్బరంతో. వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. తల్లి తెరనూ కూతుర్నీ మార్చి మార్చి చూసింది. అక్క తొమ్మిదో వాక్యమూ పదో వాక్యమూ అయ్యేదాకా చెల్లెలి చెయ్యి పట్టుకుని వింది. తర్వాత అంది, "ఇరవై ఏళ్లుగా వార్తలు చదువుతున్నానే. నా మాటకి ఒక్కడు కూడా అన్నం తినడం ఆపలేదు. నీకు చూడు, హాలు హాలంతా ఊపిరి బిగబట్టింది."

ఇక రెండు నిమిషాలే మిగిలాయి. సమయం అయిపోతే నౌకల లెక్కన డ్రాఫ్ట్స్‌మనే గెలుస్తాడు, కానీ స్థావరం కూలదు, పన్నెండో వాక్యం రాదు. ఆ వాక్యం కోసం ఆమె స్టూడియోలో ముప్ఫైసార్లు చెప్పాల్సి వచ్చిందని అతనికి తెలుసు. జాగ్రత్తగా ఆడితే గెలుపు ఖాయం. అతను జాగ్రత్తను వదిలేశాడు. ఉన్న నౌకలన్నీ, చివరికి గని పడవలతో సహా, ఒకేసారి స్థావరం మీదికి పంపాడు. అందులో సగం దారిలోనే కాలిపోయాయి. పదకొండో వాక్యం. ఇంకో పన్నెండు సెకన్లు. స్థావరం ఒక పక్కకు ఒరిగింది.

"సేనానీ, అందరినీ పంపించేశాను. నేను ఇక్కడే ఉన్నాను. చెప్పండి, వింటాను."

తెర నల్లబడింది. చప్పట్లతో హాలు దద్దరిల్లింది. డ్రాఫ్ట్స్‌మన్ లేచి వెనక్కి తిరిగాడు. అందరూ తన వైపే చూస్తారనుకున్నాడు. అత్తగారు అప్పటికే లేచి నిలబడి, ముందు వరసనుంచి వెనక వరసదాకా దొరికినవాళ్లందరి భుజాలూ తట్టి, "మా రెండో అమ్మాయండీ. ఆ గొంతు మా అమ్మాయిదే," అని చెబుతోంది. హాలు మొత్తం మూడో వరసవైపు తిరిగి ఉంది. ఎవరో చేతిలో పెట్టిన గెలుపు కప్పు పట్టుకుని ఒంటరిగా నిలబడిన అతనికి, తన జన్మలో ఎన్నడూ లేనంత గర్వంగా అనిపించింది.

బయటికి వచ్చాక భార్యను అడిగాడు, ఆఖరి దాడి ఎలా ఉందని.

"ఏమోనండి," అంది ఆమె. "నేను తెర చూడలేదు. వింటూ కూర్చున్నాను."

సోమవారం ఉదయం ఇంజనీరుగారు గదికి పిలిపించాడు. డ్రాఫ్ట్స్‌మన్ బదిలీకి మానసికంగా సిద్ధపడే వెళ్లాడు. ఇంజనీరుగారు కిటికీలోంచి నీళ్ల ట్యాంకు వైపు చూస్తూనే అన్నాడు.

"ఆవిడ మీ ఇంట్లోవాళ్లని ముందే చెప్పాల్సిందయ్యా."

"చెబితే ఏం చేసేవారు సార్?"

"ద్వారం సంగతి చెప్పినప్పుడే వినేవాణ్ణి. అంత మర్యాదగా నాకు ఎవరూ ఏదీ చెప్పలేదు."

ఆమె మాట వినాల్సిందని సాక్షాత్తూ ఇంజనీరుగారే ఒప్పుకున్నాడన్న సంగతి ఆమెకు చెప్పాలన్న ఆత్రంలో, వస్తూ తెమ్మని ఆమె రెండుసార్లు చెప్పిన పాలు డ్రాఫ్ట్స్‌మన్ మరిచిపోయి వచ్చాడు.