మా షవర్ కింద పుట్టిన పథకం

నీటి పొదుపు మండలి అధ్యక్షుడు, అనగా మా పెద్దవాడు, గత సోమవారం విలేకరులను పిలిచి ఒక చారిత్రక ప్రకటన చేశాడు. తన పదవీకాలంలో ఊళ్లో ఏ ఇంట్లోనైనా సరే, ఒక్క చుక్క వృథాగా కారినా ఆ క్షణమే రాజీనామా చేస్తానన్నాడు. చప్పట్లు రెండు నిమిషాలు మోగాయి. టీవీ ముందు కూర్చున్న నాకు మాత్రం నోట తడారిపోయింది. ఎందుకంటే మా బాత్‌రూమ్‌లో అప్పటికి పదకొండు రోజులుగా కారుతోంది.

విషయం చిన్నదే. మీట తిప్పితే నీళ్లు పైన షవర్‌లోకి వెళ్లాలి. ఆ మీటనే డైవర్టర్ అంటారట. మాది తిప్పితే సగం పైకి వెళ్తాయి, సగం కింది కుళాయిలోంచి బకెట్లో పడతాయి. నాకు చదువు తక్కువ గానీ జరగబోయేది ముందే తెలుస్తుంది. నేల పాచి పడుతుంది, ఎవరో ఒకరు జారతారు, తుంటి ఎముక విరుగుతుంది, ఆ ఎవరో నేనే అవుతాను.

"ప్లంబర్ని పిలవరా," అన్నాను.

"ప్లంబర్ వస్తే లీకు ఉందని రికార్డవుతుందమ్మా. పదవి పోతుంది."

"పోనీ గుడ్డ చుట్టనా?"

"గుడ్డ చుట్టినా ఉందని ఒప్పుకున్నట్టే. మనం గుర్తించనంత వరకూ అది లీకు కాదు."

ఎంత లోతైన మాట. ఇలాంటి బుర్ర లేకనే వాళ్ల నాన్న గుమాస్తాగా చేరి గుమాస్తాగానే రిటైరయ్యారు.

బుధవారం ఒక విలేకరి ఇంటర్వ్యూకి వచ్చి, టీ తాగి, చేతులు కడుక్కుంటానని బాత్‌రూమ్‌లోకి వెళ్లాడు. ఏ మీట తిప్పాడో ఏమో, తడిసిన తలతో బయటికొచ్చాడు.

"సార్, పైనా కిందా రెండుచోట్లా వస్తున్నాయేంటి?"

నేను గబగబా టీ కప్పులు సర్దడం మొదలుపెట్టాను. పెద్దవాడు మాత్రం కప్పు నిదానంగా కింద పెట్టాడు.

"పథకం," అన్నాడు.

"ఏం పథకం సార్?"

"'దిగువకూ న్యాయం'. పైనున్న తలకేనా నీళ్లు? కిందున్న బకెట్ ఏం పాపం చేసింది? ఒక స్నానానికి ఒక బకెట్ ఆదా. పైలట్ ప్రాజెక్టు మా ఇంట్లోనే మొదలుపెట్టాం."

మర్నాడు పేపర్లో మొదటి పేజీ. శుక్రవారానికల్లా, తమ ఇళ్లలో కారడం లేదు, తమకు అన్యాయం జరిగింది అంటూ నాలుగు వందల అర్జీలొచ్చాయి. డైవర్టర్లు వదులు చేయడంలో మండలి వారు ప్లంబర్లకు శిక్షణ ఇచ్చారు. మంత్రిగారు ఉత్తమ అధ్యక్షుడి అవార్డు ప్రకటించారు. ఆదివారం ముగ్గురు అధికారులు మా ఇంటికొచ్చి, ధారను కళ్లారా చూసి, అక్కడికక్కడే అవార్డు ఇస్తారట. ధార లేకపోతే తప్పుడు ప్రకటన కింద పదవి తీసేస్తారట. మొదట కారితే పదవి పోతుందన్నారు, ఇప్పుడు కారకపోతే పోతుందంటున్నారు. కన్నతల్లిని, నాకు రెండు విధాలుగానూ ముద్ద దిగలేదు.

ఆదివారం పొద్దున, అధికారుల కారు వీధి మలుపు తిరిగిందని మావాడి పి.ఏ. కేకేసేసరికి, మా కోడలు పానా పట్టుకుని బాత్‌రూమ్‌లోంచి వచ్చింది.

"అయిపోయిందత్తయ్యా. ఇక జారిపడతానని మీకు బెంగ అక్కర్లేదు. లోపల వాషర్ అరిగింది, అంతే."

"ఏం చేశావ్?" అన్నాడు పెద్దవాడు.

"బాగు చేశాను."

"ఎవర్ని అడిగి?"

"పదిహేడు రోజులుగా మిమ్మల్నే అడుగుతున్నాను."

"మళ్లీ పాడు చెయ్యి."

"పాడు చెయ్యాలన్నా పావుగంట పడుతుందండీ. వాళ్లు మెట్లెక్కుతున్నారు."

నాయకత్వం అంటే ఏమిటో అప్పుడు చూశాను. వాడు ఒక్క క్షణం తటపటాయించలేదు. వంటింట్లో టీ కెటిల్ అందుకుని, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాతోనే షవర్ కింద గొంతుక్కూర్చున్నాడు. పక్కన నిండు బకెట్ పెట్టుకున్నాడు. పి.ఏ. ప్లాస్టిక్ తెర అడ్డంగా లాగేశాడు. తెర అంచులోంచి కెటిల్ ముక్కు ఒక్కటే, కుళాయి పక్కన, బయటికి కనిపిస్తోంది.

"అధ్యక్షులవారేరి?" అన్నాడు పెద్ద అధికారి లోపలికొస్తూనే.

"విధి నిర్వహణలో ఉన్నారు సార్," అన్నాడు పి.ఏ.

అధికారి కళ్లజోడు సర్దుకుని మీట తిప్పాడు. తెర వెనక షవర్ జోరుగా కురిసింది. తెర ముందు సన్నటి ధార ఖాళీ బకెట్లో పడింది. ముగ్గురూ చప్పట్లు కొట్టారు.

"రూలు ప్రకారం నలభై నిమిషాలు చూడాలమ్మా," అని కుర్చీలు వేయించుకున్నారు.

అసలే చన్నీళ్లు. వాడికి చిన్నప్పట్నుంచీ పడవు. జలుబుతో మొదలుపెట్టి నేను మనసులోనే న్యుమోనియా దాకా వెళ్లాను. మధ్యలో ధార రెండుసార్లు ఆగింది.

"ప్రెషర్ తగ్గింది సార్," అన్నాడు పి.ఏ. అధికారి రాసుకున్నాడు.

ముప్ఫై ఎనిమిదో నిమిషంలో ధార తుమ్మింది.

"చిరంజీవ," అన్నాను. అలవాటు, నోట్లోంచి వచ్చేసింది.

పెద్ద అధికారి నా వైపు చూశాడు. తెర వైపు చూశాడు. కలానికి మూత పెట్టి లేచి నిలబడ్డాడు. మిగతా ఇద్దరూ లేచారు.

"చిరంజీవ," అన్నారు ముగ్గురూ, బకెట్‌కేసి తలవంచి.