కీచురాళ్ల లడ్లు, గౌరమ్మ మర్యాద

ఆ రోజు వాణి వేసుకున్న ఏర్పాటులో వంక పెట్టడానికేమీ లేదు. పొద్దున్నే కురబలకోటలో బయలుదేరడం, మదనపల్లెలో బస్సు మారడం, మామ పాపన్నను పుంగనూరులో ఆయన అక్క ఇంట్లో దించి కాఫీ తాగడం, మధ్యాహ్నానికి కుప్పం చేరి గెలిచి రావడం. గెలవడాన్ని కూడా ఆమె కాఫీ తాగడమంత మామూలుగానే అనుకుంది. ఆహార శాస్త్రం చదివిన మనిషి, పైగా పట్టిన పట్టు విడిచే రకం కాదు.

ఆమె చేతిలోని స్టీలు డబ్బాలో ఉన్నవి కీచురాళ్ల లడ్లు. ఏడాదిగా మామగారి పాత గొర్రెల షెడ్డులో కీచురాళ్లను పెంచి, వేయించి, పొడికొట్టి, రాగిపిండి, బెల్లం కలిపి ఉండలు కడుతోంది. కుప్పంలోని ఒక ఆహార శిక్షణ కేంద్రం వాటిని ఎంపిక చేస్తే ఏడాదిపాటు వాళ్ల యంత్రాలు వాడుకోవచ్చు. చేయకపోతే షెడ్డు మళ్లీ గొర్రెలకే. ఆ షరతు పాపన్న పెట్టాడు.

"పొట్టేలు మాంసం ముందర నీ పురుగెంతమ్మా?" అన్నాడు బస్సులో.

"అరుగుదలలో మాంసమే ఒక మెట్టు పైన మామా, నేను కాదంటానా? అయితే ఎండిన కీచురాయిలో సగానికి పైగా ప్రోటీనే. దాని పెంకు కడుపులో పీచు మాదిరి పనిచేస్తాది. నీ మాంసంలో పీచు ఉండాదా?"

"పీచు కావల్లంటే టెంకాయ వొలుచుకుంటా" అని పాపన్న గట్టిగా తేన్చాడు. రాత్రి తిన్న తలకాయ కూర ఆయన కడుపులో ఇంకా కాపురం చేస్తోంది. పొట్ట నిమురుకుంటూ గొంతు తగ్గించాడు. "ఇంగో మాట. మా అక్క కాడ ఈ పురుగుల ఊసెత్తద్దు. పరువు పోతాది."

ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

బస్సులో ఎవరి సంచిలోవో టమోటాలు చితికి వాణి చీర కుచ్చిళ్లు ఎర్రగా అయ్యాయి. పుంగనూరులో దిగి పాపన్న అక్క గౌరమ్మ ఇంట్లో అడుగుపెట్టగానే డబ్బా అరుగు మీద పెట్టి, మరక కడుక్కోవడానికి పెరట్లోకి పరుగెత్తింది. పాపన్న కొత్తగా పుట్టిన దూడను చూడటానికి కొట్టంలోకి వెళ్లాడు.

తమ్ముడి కోడలు డబ్బాతో ఇంటికొచ్చిందంటే అందులో ఉన్నది ఎవరికి? గౌరమ్మకు ఆ అనుమానమే రాలేదు. మూత తీసింది, లడ్లు చూసి మురిసిపోయింది. మనవళ్లకు పెట్టింది, గోడ మీదుగా ఇరుగుపొరుగుకు అందించింది, తానూ ఒకటి నోట్లో వేసుకుంది. మిగిలిన ఆరింటిని పళ్లెంలో పెట్టింది. ఇక ఖాళీ డబ్బా తిరిగివ్వడమా? శివ శివా! నిన్న తాను వేరుశెనగ పప్పు దంచి చేసిన చెనిక్కాయల లడ్లతో దాన్ని నింపేసింది. అవీ రాగిపిండివే, రంగులో తేడా లేదు. వాణి హడావిడిగా కాఫీ తాగి, డబ్బా చంకన పెట్టుకుని బస్సెక్కింది.

దూడను చూసి వచ్చిన పాపన్న పళ్లెం చూశాడు. అక్క చేతి లడ్లనుకుని ఆరూ తిన్నాడు.

కుప్పంలో పరీక్షించేవాళ్లు ఇద్దరు. పెద్దాయన భీమరావు మాంసాహారం గొప్పతనం గురించి ఊరూరా ఉపన్యాసాలిచ్చేవాడు. పక్కన తేజస్విని అనే కుర్ర అధికారి.

"రొయ్యలు పడనివాళ్లు ముట్టుకోవద్దు సార్, కీచురాళ్లూ వాటి చుట్టాలే" అని హెచ్చరించి మరీ వాణి డబ్బా మూత తీసింది.

భీమరావు చిన్న ముక్క కొరికి కళ్లు మూసుకున్నాడు. "ఇదిగో, ఈ వాసన! పురుగు పురుగేనమ్మా."

"నాకు చెనిక్కాయ వాసన వస్తాండాది సార్" అంది తేజస్విని.

"అది నీ భ్రమ. ఇప్పుడు నాకు కాలు తగిలింది పంటికి!" అంటూనే ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తాడు. కాసేపటికి మొహం తుడుచుకుంటూ వచ్చాడు. "కోడికూర తింటే నాకెప్పుడైనా ఇట్లయిందా? నా కడుపు అబద్ధం చెప్పదు. అరగదు, అంతే!"

వాణి కళ్ల ముందు షెడ్డు, షెడ్డు నిండా గొర్రెలు కనిపించాయి. ఏడాది కష్టం ఒక్క వాంతితో పోతోందంటే ఏడుపొచ్చింది. అప్పుడే ఫోను మోగింది. గౌరమ్మ ఫోనులో మాట్లాడటమంటే పుంగనూరు నుంచి కేక వెయ్యడమే, గదిలో అందరికీ వినిపిస్తుంది.

"వాణీ! నీ లడ్లు వాడంతా పంచేసినానమ్మా! పిల్లోళ్లు ఇంగా కావల్లని ఏడుస్తాండారు. మీ మామ ఆరు తిన్యాడు! ఉత్త డబ్బా ఎట్లిచ్చేదని మా చెనిక్కాయ లడ్లు పెట్టినా, బాగుండాయా?"

వాణి ఫోను చెవికి నొక్కిపట్టింది. "అత్తా, ముందిది చెప్పు. తిన్నోళ్లలో రొయ్యలు పడనోళ్లు ఉండారా? ఎవురికన్నా దద్దుర్లు, దురదలు?"

"మాకు రొయ్యలు యాడివమ్మా? అందురూ గుండ్రాళ్ల మాదిరి ఉండారు. యాల?"

"అవి కీచురాళ్లతో చేసినవత్తా. ముందే చెప్పాల్సింది, తప్పయిపాయ."

ఇవతల భీమరావు చేతిలోని తువ్వాలు మొహం దగ్గరే ఆగింది. అవతల నుంచి ఫోను పగిలేలా నవ్వు వినపడింది.

"ఓసి పిచ్చిదానా! తొలకరి వానకు ఉసుళ్లు పట్టి, వేయించి, బొరుగుల్లో కలుపుకోని తిన్న నోళ్లు గదా మావి! రెక్కలుండే పురుగు తినచ్చు గానీ కీచుమనేది తినగూడదా? వాడలో నేను చెప్పుకుంటాలే. మీ మామకు మాత్రం నువ్వొచ్చి చెప్పు. వాని మొగం నేను సూడాల."

ఫోను పెట్టేసిన వాణి మళ్లీ మొదటి వాణి అయింది. "సార్, మీ కడుపు అబద్ధం చెప్పదన్నారు. చెనిక్కాయ అరగదని రాసుకోమంటారా?"

తేజస్విని నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. భీమరావు తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. "వాడంతా తిని ఇంకా కావాలంటుంటే కాదనడానికి నేనెవర్నమ్మా? యంత్రాలు వాడుకో. కానీ పొట్లం మీద కీచురాయని పెద్ద అక్షరాల్లో ఉండాలి. రొయ్యల సంగతి కూడా."

సాయంత్రం పుంగనూరులో పాపన్న అరుగు మీద హుషారుగా కూర్చుని ఉన్నాడు.

"ఏమ్మా, ఓడిపోయినావా? మా అక్క లడ్లంటే లడ్లు! ఆరు తిన్యా. తేపు లేదు, ఉబ్బరం లేదు, సోడా లేదు. నీ పురుగులు వీటి కాలిగోటికి సరిపోతాయా?"

"ఒక పూటకే ఏమీ తేలదులే మామా" అని వాణి జరిగిందంతా చెప్పింది.

పాపన్న చెయ్యి మెల్లగా పొట్ట మీదికి వెళ్లింది. అక్క వైపు చూశాడు. గౌరమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటోంది. "యాలరా ఆ మొగం? ఉసుళ్ల పుట్ట కాడ పంచె పరుచుకోని కూసున్నోడివి నువ్వే గదా!"

మర్నాడు పొద్దున్నే కురబలకోటలో పాపన్న గొర్రెలకు కొత్త కొట్టం వేయడానికి గుంజలు నాటాడు. షెడ్డుకు బాగా దూరంగా నాటాడు. గొర్రెల వాసన కీచురాళ్లకు పడదట.