గుర్రంలో వెనక సగం

"మా చిన్నప్పటి టీవీ ప్రోగ్రాముల ముందు ఇప్పటివి ఎందుకు పనికొస్తాయండీ!" అని ఎవరైనా మీ ఎదుట నిట్టూరిస్తే దయచేసి మొహం చిట్లించకండి. కుర్చీ వేసి కూర్చోబెట్టండి. మంచినీళ్ళివ్వండి. అలాంటివాళ్ళు లోకానికి చేస్తున్న మేలు ఇంతా అంతా కాదు!

నవ్వుతున్నారా? నేను సీరియస్‌గానే చెబుతున్నాను. నడివయసు మనిషికి ఏడవడానికి మర్యాదైన కారణం ఒకటి కావాలి. ఆఫీసు గురించి ఏడిస్తే చేతకానివాడంటారు. సంసారం గురించి ఏడిస్తే ఇంట్లో ఊరుకోరు. అదే, ముప్ఫయ్యేళ్ళ కిందట ఆగిపోయిన పిల్లల ప్రోగ్రాం గురించి ఏడ్చి చూడండి! పక్కవాడు కూడా జేబురుమాలు తీస్తాడు. సైడ్ ఎఫెక్టులు లేని మందు!

ఆ ఏడుపు పుణ్యమా అని వెలుగులోకి వచ్చిన ఒక పెద్దమనిషి కథ చెబుతాను. విన్నాక మీరే ఒప్పుకుంటారు.

ఆయన కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాడు. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. వయసు అరవైకి రెండు తక్కువ. నడుం కాస్త ముందుకు వంగి ఉంటుంది. వంగి పనిచేసీ చేసీ అలా అయిందని షాపులో అనుకుంటారు. వంగి పనిచేసిన మాట నిజమే. కాకపోతే షాపులో కాదు, గుర్రంలో!

కంగారుపడకండి. ఆ రోజుల్లో ఆదివారం పొద్దున టీవీలో పిల్లల ప్రోగ్రాం ఒకటి వచ్చేది. అందులో 'గుర్రం మావయ్య' అని ఒక గుర్రం. పొడుపుకథలు విప్పమనేది, ఎక్కాలు తప్పు చెప్పేది, చివర్లో ఒక్క తన్ను తన్ని వెళ్ళిపోయేది. ఆ గుడ్డ గుర్రంలో ఇద్దరు మనుషులుండేవారు. ముందు సగం ఒక నాటకాలాయన. తల ఆయనదే, మాటలు ఆయనవే, పేరూ ఆయనదే. వెనక సగం మన కళ్ళజోళ్ళాయన. ముందాయన బెల్టు పట్టుకుని, వంగి, ఆరేళ్ళు వెనక్కాళ్ళుగా బతికాడు.

ఆ ఆరేళ్ళలో ఆయన చూసిన దృశ్యం ఆ బెల్టొక్కటే. ప్రోగ్రాం అప్పటికప్పుడు ప్రసారమయ్యేది. టీవీలో ఉన్నవాడు టీవీ ముందు ఎలా కూర్చుంటాడు? స్టూడియోలో పిల్లలుండేవారు కాదు. కెమెరావాళ్ళు నవ్వితే ఊరుకోరు. గుర్రం ఎంత తన్నినా ఎదుట గోడ ఉన్నట్టే ఉండేది. "ఇళ్ళల్లో పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారటోయ్" అని ముందాయన చెబితే నమ్మడం తప్ప ఆయన చేయగలిగిందేమీ లేదు.

ప్రోగ్రాం ఆగిపోయాక షాపులో చేరాడు. పాత ఉద్యోగం సంగతి ఎవరికీ చెప్పలేదు. 'నేను తోకవైపు' అని ఏ మనిషి చెప్పుకుంటాడు?

ఒకరోజు బ్యాంకు మేనేజరొకాయన దగ్గరచూపు అద్దాల కోసం వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి. కౌంటరు ముందు కూర్చుని, ఫోన్ చూస్తూ కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"కళ్ళు మండుతున్నాయా సార్?" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"కళ్ళు కాదండీ, గుండె! ఈ ఫొటో చూడండి, మా గుర్రం మావయ్య. ఆ వేషం వేసిన పెద్దాయన పోయి నాలుగేళ్ళయింది. ఇంక గుర్రం మావయ్య లేడు."

కళ్ళజోళ్ళాయన తుడుస్తున్న అద్దాన్ని ఫ్రేములో పెట్టాడు.

"పూర్తిగా పోలేదు లెండి. వెనకవైపు ఇంకా ఉంది."

"ఉందా! ఎక్కడ?"

"మీకు ఫ్రేము బిగిస్తోంది."

మేనేజరు కౌంటరు మీదుగా వంగి ఆయన్ని కావిలించుకున్నాడు. ఫ్రేము విరిగింది. సాయంత్రానికల్లా 'గుర్రం మావయ్య మేనల్లుళ్ళూ మేనకోడళ్ళ సంఘం' అని అభిమానులు పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో వార్త గుప్పుమంది: 'సగం గుర్రం బతికే ఉంది!' కింద రెండువందల పన్నెండు ఏడుపు మొహాలు!

ఇప్పుడు చెప్పండి. నిట్టూర్పు వల్ల లాభం లేదంటారా?

వచ్చే ఆదివారం గుర్రాన్ని మళ్ళీ ఆడించాలని సంఘం వాళ్ళు హాలు తీసుకున్నారు. కొత్త గుర్రం కుట్టించారు. వెనక్కాళ్ళు అసలైనవే కనుక ముందుకాళ్ళకి చీటీలు వేశారు. చీటీ మేనేజరుకే వచ్చింది. చీటీలు తీసింది కూడా ఆయనే అనుకోండి.

ఇంట్లో భార్య మాత్రం ఒప్పుకోలేదు. "నడుంనొప్పికి బెల్టు పెట్టుకునే మనిషి, వెళ్ళి ఇంకోడి బెల్టు పట్టుకుంటారా?"

"ఒక్క తన్నే."

"ఆ తన్ను తర్వాత వారం మంచం మీదే!"

"వాళ్ళ పిల్లల్ని కూడా తీసుకొస్తారటే. నవ్వు ఎలా ఉంటుందో ఒక్కసారి వినొస్తాను."

ఆవిడ లేచి వెళ్ళి ఆయన మంచి చొక్కాకి ఇస్త్రీ చేసిపెట్టింది.

ఆదివారం హాలు నిండింది. మొదటి అయిదు వరసల్లో సంఘం సభ్యులు. అందరి ఒంటి మీదా గుర్రం బొమ్మ టీషర్టులే. పొట్టల మీద సాగి, గుర్రాలన్నీ ఏనుగుల్లా కనిపిస్తున్నాయి. వాళ్ళ పిల్లల్ని చిట్టచివరి వరసలో కూర్చోబెట్టి, ఫోన్లు లాక్కుని, "అసలైన వినోదం అంటే ఏమిటో కదలకుండా చూడండి" అని హెచ్చరించారు.

తర్వాత ఉపన్యాసాలు మొదలయ్యాయి. తలా మూడు నిమిషాలన్నారు గానీ, బాల్యం మూడు నిమిషాల్లో ఎక్కడ అవుతుంది?

"గుర్రం ఎప్పుడొస్తుంది?" అని ఒక పిల్ల వెనక నుంచి గట్టిగా అడిగింది.

"ముందు దాని గొప్పతనం తెలుసుకో!" అన్నాడు తండ్రి.

గంటన్నరకి గొప్పతనం అయిపోయి గుర్రం వచ్చింది. ముందున్న మేనేజరుకి గుర్రం నోట్లోంచి దారి కనబడటం లేదు. సరాసరి తెర వైపు నడిచాడు. వెనక నుంచి బెల్టు పట్టి లాగాడు కళ్ళజోళ్ళాయన. "కుడికండీ, కుడికి!"

"నా కుడికా, మీ కుడికా?"

"ఇద్దరిదీ ఒకటే కదండీ!"

తల ఒకవైపు, తోక ఒకవైపు. మధ్యలో గుర్రం సాగి సాగి మేజోడులా తయారైంది. ఆ లాగుడులో వెనకసగం చతికిలబడింది. ముందుసగం అది తెలియక నడుస్తూనే ఉంది. కళ్ళజోళ్ళాయన ఎలాగో లేచి, పాత అలవాటు కొద్దీ ఒక్క తన్ను తన్నాడు.

చివరి వరసలో కిసుక్కుమంది. ఆ వెంటనే వరసంతా పగలబడి నవ్వింది!

గుర్రం లోపల, చీకట్లో, ఆయన అలాగే నిలబడిపోయాడు. నవ్వంటే ఇదా! ఇంత చప్పుడుగా ఉంటుందా!

"ష్!" మొదటి వరసలోంచి ఒక కాలేజీ లెక్చరరమ్మ వెనక్కి తిరిగింది. "ఏమిటా గోల? పెద్దవాళ్ళం చూస్తున్నాం కదా! నవ్వేవాళ్ళు బయటికి పొండి!"

స్విచ్ ఆపినట్టు నవ్వు ఆగిపోయింది. మళ్ళీ ఎదుట పాత గోడే.

ఆరేళ్ళు నోరెత్తని వెనకసగానికి ఇక్కడ ఓపిక నశించింది. నడుం దగ్గర జిప్పు లాగి బయటికొచ్చాడు. పైన ఇస్త్రీ చొక్కా, కింద గుర్రం కాళ్ళు, వెనక తోక. మెట్లు దిగి వరసల మధ్య నుంచి వెనక్కి నడిచాడు.

"ఏమండీ! వెనకసగం వెళ్ళిపోతోంది!" అని ఎవరో కేకపెట్టారు. స్టేజీ మీద ముందుసగం రెండు కాళ్ళ మీద నిలబడి పొడుపుకథ చెబుతూనే ఉంది.

చివరి వరస దగ్గర ఆయన వంగి, తోక ఊపి, రెండు తన్నులు తన్నాడు. ఇందాకటి పిల్ల కళ్ళింత చేసుకుంది.

"నువ్వెవరు?"

"వెనక్కాళ్ళు."

"మరి ముందుకాళ్ళు?"

"పెద్దవాళ్ళకి కావాలట తల్లీ. మనకివి చాలు."

ఆ పిల్ల తోక పట్టుకుంది. దాని నడుం ఇంకో పిల్లవాడు పట్టుకున్నాడు. వాడి వెనక ఇంకోడు. పద్దెనిమిది మంది పిల్లలతో అంత పొడుగు గుర్రం, తలకాయ లేకుండా, హాలు తలుపులు తోసుకుని వరండాలోకి పరుగెత్తింది. ఆ నవ్వు వీధి చివరికి వినబడిందంటారు. నడుం పట్టేసేదాకా తన్నులు తన్నిన ఆయన, వరండా మెట్ల మీద కూలబడి పిల్లలతో పాటు తానూ నవ్వాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు లెండి.

సంఘం వాళ్ళ మీద మీరు కోపం తెచ్చుకోకండి. బాల్యమంటే మాటలా? ఒకసారి పోతే రాదు. ఇన్నేళ్ళకి చేతికి చిక్కినదాన్ని తీసుకెళ్ళి పిల్లలకిస్తే పాడుచేసెయ్యరూ?

పైగా వాళ్ళు ఆయన్ని తప్పుపట్టలేదు, దొడ్డ మనసుతో క్షమించారు. ఈసారి అలాంటి అల్లరి జరగకుండా చూసుకుంటామని మాటిచ్చి, నెల తిరక్కుండానే రెండో సమావేశానికి ఆహ్వానం పంపారు. మంచి కాగితం. పైన రంగుల్లో గుర్రం బొమ్మ, అదీ తలవైపే. కళ్ళజోళ్ళాయన షాపులో అద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు. అడుగున లావు అక్షరాల్లో ఉంది:

'గమనిక: ఇది పిల్లల కార్యక్రమం. దయచేసి పిల్లల్ని తీసుకురావద్దు.'