ఒక్క కొమ్ము ఎక్కువైంది

ఆ ఉదయం కొత్త టీచర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఐదో తరగతి పిల్లలు తలా ఒక ఆహ్వాన పత్రం రాసి ఇంటికి తీసుకెళ్ళాలి. శుక్రవారం పెద్దవాళ్ళు ఇంట్లోని చిన్న పిల్లల్ని వెంటబెట్టుకుని బడికి రావాలి. ఐదో తరగతివాళ్ళు ఆ చిన్నవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని కథలు చదివి వినిపించాలి. అదే రోజు ట్రైనింగ్ కాలేజీ మేడమ్ వచ్చి పాఠం చూసి మార్కులు వేస్తారు. ఆ మార్కులతోనే కొత్త టీచర్ శిక్షణ గట్టెక్కాలి. కిందటేడు ఆ మేడమ్ చేతిలో నలుగురు తప్పారు.

"కార్డులు ఒకసారి దిద్ది పంపు తల్లీ," అంది క్లాస్ టీచర్. ఇరవై ఏళ్ళుగా ఆ తరగతి ఆవిడదే.

"ఎర్రపెన్ను చూస్తే పిల్లలకి రాయాలన్న ఉత్సాహమే పోతుందండీ. మాకు మేడమ్ అలాగే చెప్పారు."

క్లాస్ టీచర్ హాజరుపట్టీ తీసింది.

తరగతిలో ముత్యాలమ్మ అనిపించుకున్న పిల్ల ఒకతి ఉంది. అసలు పేరు అది కాదు, అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని అందరూ అలా పిలుస్తారు. అందరికన్నా ముందు కార్డు ముగించింది. 'మీ ఇంట్లో చిన్న పిల్లులుంటే తప్పక తీసుకురండి' అని రాసింది. ఒక్క కొమ్ము ఎక్కువైంది. అంత అందమైన అక్షరాల్లో తప్పుంటుందని ఎవరికీ తోచలేదు. పక్కవాడు చూసి రాశాడు, వాణ్ణి చూసి వెనక బెంచీ రాసింది. బొమ్మలు వేయడం వచ్చినవాళ్ళు మాట చదివి, దానికి తగ్గట్టు మీసాలూ తోకా ఉన్న బొమ్మలు వేశారు. ముప్ఫై కార్డుల మీదా పిల్లులే. 'ఎంత ముద్దొస్తున్నాయో!' అని మురిసిపోయిన కొత్త టీచర్, ముత్యాలమ్మ కార్డును కాలేజీ మేడమ్‌కి పంపించింది.

శుక్రవారం పదింటికి మొదట వచ్చిన తండ్రి భుజాన గోనెసంచి ఉంది, చేతి నిండా గీరలున్నాయి. "మాకు పిల్లి లేదండీ. వీధిలో దీన్ని పట్టుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది," అన్నాడు.

"పిల్లేంటండీ? మీ చంటివాడేడీ?"

"ఇంట్లో వాళ్ళ నానమ్మ దగ్గర వదిలేశాం. పిల్లల్ని రమ్మనలేదుగా!"

కార్డు తీసి చూపించాడు. కొత్త టీచర్ 'పిల్లులుంటే' అన్న మాటను రెండుసార్లు చదివింది. గుమ్మంలో ఒక ముసలమ్మ బుట్టతో నిలబడింది. "ఇది పక్కింటివాళ్ళదమ్మా. సాయంత్రంలోగా ఇచ్చెయ్యాలి, త్వరగా చదివించు."

పావుగంటలో గదిలో పద్దెనిమిది పిల్లులు పోగయ్యాయి. గోనెసంచి పిల్లి బీరువా ఎక్కి బుస కొట్టింది. రెండు పిల్లులు సుద్దముక్కల డబ్బా దొర్లించాయి. ముత్యాలమ్మ మొహం చిన్నబుచ్చుకుని, "మా పిల్లికి చదువు రాదు టీచర్, పర్లేదా?" అంది.

అంతలో బల్లకింద నుంచి గొంతు వినిపించింది. ఏడాదంతా నోరు తెరవని పిల్ల ఒకతి, బెదిరి దాక్కున్న పిల్లికి కథ చదివి చెబుతోంది. కూడబలుక్కుంటూ, తప్పు చదివిన చోట వెనక్కి వచ్చి సరిచేసుకుంటూ చదువుతోంది. పిల్లి తప్పు పట్టలేదు. మిగతా పిల్లలూ ఒక్కొక్కరే పుస్తకాలు తీశారు.

అప్పుడే కాలేజీ మేడమ్ లోపలికి వచ్చారు. కొత్త టీచర్ ఎదురెళ్ళి, "తప్పు నాదే మేడమ్. పిల్లలు రాసింది నేను చూడలేదు. పిల్లుల్ని పిలవాలనుకోలేదు," అని ఒక్క గుక్కలో చెప్పేసింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మేడమ్ వీపు వెనక దాచుకున్న వెదురుబుట్టను మెల్లగా ముందుకు తెచ్చారు. మూత సందులోంచి తెల్లటి చెవులు రెండు బయటికి వచ్చాయి.

"కార్డులో రాశారుగా," అన్నారు మేడమ్ నేల చూపులు చూస్తూ. "బస్సులో నానా తంటాలూ పడి తీసుకొచ్చాను. ఇప్పుడు కాదంటే ఎలా?"

బల్లకింది పిల్ల ఆ తెల్లపిల్లికి కూడా ఒక కథ చదివింది.

నివేదికలో మేడమ్ నూటికి తొంభై వేసి, పాఠం మధ్యలో ఒకరు నిద్రపోయారని రాశారు గానీ, అది తమ పిల్లేనని రాయలేదు.